పెద్ద దుకాణం వస్తే రైతుకేమిటి?

పట్టణానికి పెద్ద సూపర్‌మార్కెట్ వస్తోందంటే కిరాణా కొట్లవాళ్లు, తోపుడు బండ్లవాళ్లు దిగులుపడుతున్నారు. అది వాళ్ల గొడవేలే అని రైతులం ఊరుకోరాదు.

దళారులు పోయి రైతుకు మంచి ధర వస్తుందంటున్నారు. కంపెనీ మచ్చలేని, ఒకే సైజు టమాటాలే ఏరుకుంటుంది. మిగిలిన సరుకు కొంటున్నది ఆ బండ్లవాళ్లే. వాళ్లు లేకపోతే కంపెనీ చెప్పిందే ధర.

2012లో కేంద్రం పలు బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి అనుమతిచ్చినా, ఔనో కాదో తేల్చడం రాష్ట్రాలకే వదిలింది. దళారీల బెడద తప్పించడానికి ఉమ్మడి రాష్ట్రంలో 1999లో పెట్టిన రైతుబజార్లు మనకున్నాయి. ముందు వాటికి షెడ్లు, కోల్డ్ స్టోరేజీలు కట్టమని అడుగుదాం.

మున్సిపాలిటీకి వినతిపత్రం ఇచ్చే రోజున చిన్న వ్యాపారుల పక్కన మనమూ నిలబడదాం. వాళ్ల కొట్టు మూతపడితే మన సరుకుకు దారి మూసుకుపోతుంది.