హాజరు పట్టీ నేర్పే పొదుపు

మీ తరగతి హాజరు పట్టీని ఒకసారి గమనించండి. బడి పేరు, ఊరు, మండలం, జిల్లా అట్ట మీద ఒక్కసారే ఉంటాయి. లోపల ప్రతి విద్యార్థి పేరు పక్కనా వాటిని మళ్లీ మళ్లీ రాయమంటే మాస్టారు నవ్వుతారు. కాని కంప్యూటర్ చేత సరిగ్గా ఆ పనే చేయించే ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. ఇది మంచి అలవాటు కాదని నా అభిప్రాయం.

ప్రోగ్రాములో ఒక మనిషికో, ఒక ఊరికో సంబంధించిన వివరాల మూటను 'ఆబ్జెక్టు' అంటారు. ఆ మూటలో ఏమేమి ఉండాలో ముందుగా చెప్పే నమూనా 'క్లాసు'. మూట బరువు ఆ నమూనాను బట్టే ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. 2011 జనాభా లెక్కల నాటికి నల్గొండ జిల్లాలో సుమారు 35 లక్షల మంది ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ఆబ్జెక్టు చేసి, అన్నింటిలోనూ జిల్లా పేరును విడివిడిగా రాశామనుకుందాం. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి. 'నల్గొండ'లో న, ల, పొల్లు, గ, ఒత్వం, సున్న, డ కలిసి 7 గుర్తులు, అంటే 21 బైట్లు. మొత్తం 7 కోట్ల 35 లక్షల బైట్లు! అన్నింటిలోనూ ఉన్నది ఆ ఒక్క మాటే.

దీనికి ఉపాయం సులువే. మనిషి ఆబ్జెక్టులో 'ఇతనిది ఫలానా ఊరు' అని చూపే గుర్తు ఒక్కటి ఉంటే చాలు. నేటి 64 బిట్ల యంత్రాల్లో సాధారణంగా దానికి 8 బైట్లు పడతాయి. ఊరు తన మండలాన్ని, మండలం తన జిల్లాను చూపుతాయి. జిల్లా పేరు ఒకే చోట ఉంటుంది. 1990లో పాల్ కాల్డర్, మార్క్ లింటన్ ఇటువంటి పంచుకునే ఆబ్జెక్టులకు 'ఫ్లైవెయిట్' అని పేరు పెట్టారు. బాక్సింగులో తేలికపాటి యోధుల తరగతి పేరు అది. పైథాన్ భాషలో మరో సౌకర్యం కూడా ఉంది. 2001లో వచ్చిన 2.2 రూపం నుండి, క్లాసులో ఏయే వివరాలు ఉంటాయో 'స్లాట్స్' ద్వారా ముందే చెప్పవచ్చు. గళ్లు గీసిన రిజిస్టరులా, అదనపు చోటు వృథా కాదు.

'మెమొరీ చవకైంది కదా, ఇంత పీనాసితనం దేనికి?' అని కొందరంటారు. చెరువు నిండింది కదా అని తూము తెరిచి వదిలేసే రైతు పాలమూరులో ఉంటాడా? ఖరీదైన యంత్రంలో పరుగెత్తే ప్రోగ్రాము మన ఇంట్లోని చవక ఫోనులో ఆగిపోతే, నష్టపోయేది రాసినవాడు కాదు, వాడేవాడు.

మరో సంగతి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. భూదాన్ పోచంపల్లి మండలం నల్గొండ నుండి యాదాద్రి భువనగిరి జిల్లాకు, గద్వాల మండలం మహబూబ్‌నగర్ నుండి జోగులాంబ గద్వాల జిల్లాకు మారాయి. ప్రతి మనిషి ఆబ్జెక్టులోనూ జిల్లా పేరు రాసి ఉంటే వేల చోట్ల దిద్దాలి, కొన్ని తప్పిపోతాయి కూడా. మన పద్ధతిలోనైతే మండలం ఆబ్జెక్టులో ఒక్క గుర్తు మారిస్తే సరి. అంటే పొదుపు వల్ల చోటు మిగలడమే కాదు, తప్పులూ తగ్గుతాయి.

అయితే ఒక హెచ్చరిక. అందరూ పంచుకునే దానిని ఒకరి కోసం మార్చకూడదు. పోచంపల్లిలోని ఒక కుటుంబం గద్వాలకు వెళితే, ఆ కుటుంబం చూపే ఊరిని మార్చాలి. ఊరి పేరునే దిద్దితే పోచంపల్లి అంతా గద్వాలకు తరలిపోతుంది! మార్కులు, పుట్టిన తేదీ వంటివి ఎవరివి వారికే ఉండాలి. ఆబ్జెక్టులు పదో ఇరవయ్యో ఉన్నచోట ఈ శ్రమ కూడా అనవసరం.

ఒక పని చేయండి. మీ బడి విద్యార్థుల వివరాలను కాగితం మీద రాసి, అందరికీ ఒకటే అయినవాటిని ఒక పక్కకు, ఎవరివి వారికే చెందినవాటిని మరో పక్కకు వేరు చేయండి. కంప్యూటర్ ముట్టుకోకుండానే మీరు మంచి క్లాసు ఒకటి తయారు చేసినట్లే.