దంత ఎక్స్‌రే యంత్రం: కొనేది రూ.3 లక్షలకు.. ఖర్చు రూ.7 లక్షలు ఎలా?

పంటి వేరు దగ్గర చీము పట్టిందో లేదో పైకి చూస్తే తెలియదు. చిన్న ఎక్స్‌రే తీయాలి. నెల్లిమర్లలో సర్కారు వైద్యం కోసం వచ్చిన మనిషికి అది అక్కడే దొరక్కపోతే ప్రైవేటులో డబ్బులిచ్చి తీయించుకోవాలి, లేదంటే పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని విజయనగరానికి బస్సెక్కాలి. జూట్‌ మిల్లు మీదో, పొలం పనుల మీదో బతికే ఇంట్లో ఆ రోజు కూలి పోయినట్టే.

అందుకే ‘ఒక మిషన్‌ కొనివ్వండి’ అన్న డిమాండ్‌ ఎక్కడైనా వినిపిస్తుంది. కొనడానికి ప్రజాప్రతినిధుల నిధులో, కంపెనీల సీఎస్‌ఆర్‌ నిధులో దొరకొచ్చు. చిక్కంతా ఆ తర్వాతే. పదేళ్లపాటు దాన్ని నడిపించే డబ్బు ఎవరి పద్దులోంచి రావాలి?

లెక్క ఇలా..

ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి ఏ కంపెనీ కొటేషనూ కాదు, అర్థం కావడానికి వేసుకున్న అంకెలు. దంత ఎక్స్‌రే యంత్రం, నోట్లో పెట్టే డిజిటల్‌ సెన్సార్‌ కలిపి ధర రూ.3 లక్షలు అనుకుందాం. 5 శాతం జీఎస్‌టీతో రూ.3.15 లక్షలు.

రెండేళ్ల వారంటీ అయ్యాక నిర్వహణ ఒప్పందం కావాలి. ఏడాదికి యంత్రం ధరలో 5 శాతం, అంటే రూ.15 వేల చొప్పున ఎనిమిదేళ్లకు రూ.1.20 లక్షలు. ఇది సేవ కాబట్టి పన్ను 18 శాతం. మొత్తం రూ.1.41 లక్షలు దాటుతుంది.

సెన్సార్‌ సున్నితమైన వస్తువు. రోగి గట్టిగా కొరికినా, వైరు మెలిపడినా పాడవుతుంది. ఇలాంటి దెబ్బలను చాలా ఒప్పందాలు మినహాయిస్తాయి. పదేళ్లలో ఒక్కసారి మార్చినా రూ.1.25 లక్షలు వేసుకోవాలి. కంప్యూటర్‌ ఒకసారి మార్చడానికి రూ.50 వేలు, యూపీఎస్‌, వైరింగ్‌, గది పనులకు మరో రూ.50 వేలు. రెండేళ్లకోసారి చేయించాల్సిన నాణ్యత పరీక్షలకు రూ.25 వేలు.

అన్నీ కలిపితే రూ.7.06 లక్షలు. కొన్న ధర అందులో సగం కూడా లేదు. సిబ్బంది జీతాలు ఇందులో కలపలేదు.

మరి జీఎస్‌టీ తగ్గింది కదా?

తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వైద్య ఎక్స్‌రే పరికరాలపై పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. మన ఉదాహరణలో మిగిలేది రూ.21 వేలు. నిర్వహణ ఒప్పందంపై ఎనిమిదేళ్లలో కట్టే పన్ను రూ.21,600! వైద్య సేవలపై జీఎస్‌టీ లేదు కాబట్టి ఆసుపత్రులు ఈ పన్నును ఇన్‌పుట్‌ క్రెడిట్‌గా వెనక్కి తీసుకోలేవు కూడా.

ఒప్పందంలో ఒక్క అక్షరం తేడా

ఏఎంసీ అంటే సాధారణంగా మెకానిక్‌ వచ్చి చూసి వెళ్లడం వరకే, విడిభాగాల డబ్బు వేరు. సీఎంసీలో విడిభాగాలు కూడా వస్తాయి. అందులోనూ ఎక్స్‌రే ట్యూబు, సెన్సార్‌ ఉన్నాయా లేదా అన్నది విడిగా చూడాలి, ఖరీదైనవి అవే. ప్రభుత్వ టెండర్లు చాలావాటిలో వారంటీ తర్వాతి సీఎంసీ ధరను కూడా కలిపి ఎవరిది తక్కువో తేలుస్తారు. విరాళంగా వచ్చే యంత్రానికి ఈ వడపోత ఉండదు. ఇచ్చినవాళ్లు ఫొటో దిగి వెళ్లిపోతే మరమ్మతు బాధ్యత ఆసుపత్రి నెత్తిన పడుతుంది.

అనుమతుల సంగతి మరోటి. దంత ఎక్స్‌రే అయినా అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి ఉండాల్సిందే. ఈ-లోరా అనే దాని పోర్టల్‌లోనే దరఖాస్తు చేసుకోవాలి. చేత్తో పట్టుకునే చిన్న యంత్రాలకూ మినహాయింపు లేదు.

వాడకపోతే ఇంకా ఖరీదు

రోజుకు ఐదు ఎక్స్‌రేల చొప్పున ఏడాదికి 300 రోజులు తీస్తే పదేళ్లలో 15 వేలు. ఒక్కోదానికి రూ.47 పడుతుంది. రోజుకు ఒక్కటే తీస్తే రూ.235. దంత వైద్యుడి పోస్టు ఖాళీగా ఉంటే ఇక లెక్కే లేదు. యంత్రం ఇవ్వాలా, వారానికి రెండు రోజులు డాక్టర్‌ను పంపాలా అన్నది ముందు తేల్చుకోవాల్సిన విషయమని మా డెస్క్‌ అభిప్రాయం.

పాడైన పరికరాల సమస్య చిన్నదేమీ కాదు. 2015లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాల్లో చేయించిన లెక్కింపులో 29,115 ఆరోగ్య కేంద్రాల్లో 7,56,750 పరికరాలు తేలాయి. విలువ సుమారు రూ.4,564 కోట్లు. రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం దాకా పనిచేయడం లేదు. ఆ తర్వాతే నిర్వహణ కార్యక్రమం తెచ్చి, పరికరాలు జిల్లా ఆసుపత్రుల్లో 95 శాతం, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో 90 శాతం, పీహెచ్‌సీల్లో 80 శాతం సమయం పనిచేసి తీరాలని లక్ష్యం పెట్టారు.

మీ ఊరి ఆసుపత్రిలో యంత్రం ఉంటే మూడు సంగతులు అడగొచ్చు: కిందటి నెల ఎన్ని ఎక్స్‌రేలు తీశారు, సీఎంసీ ఏ తేదీ వరకు ఉంది, చివరి నాణ్యత పరీక్ష ఎప్పుడు జరిగింది. నోటిమాటతో చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. ఏపీలో దాని రుసుము మండల స్థాయి కార్యాలయంలో రూ.5, ఆపై స్థాయిలో రూ.10.