"గోల్ కొట్టావా?"

మా అమ్మాయి కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో డిఫెండర్. మ్యాచ్ ఆడి సీతాఫల్‌మండిలో ఇంటికొస్తే అందరిదీ ఒకటే ప్రశ్న: "గోల్ కొట్టావా?" పాలు పొంగకుండా చూసినవాళ్లని ఎవరడిగారు కనక!

ఈసారి పాల లెక్కల పుస్తకం వెనక నేనే రాసిపెట్టాను. మొదటి 3 మ్యాచ్‌ల్లో 5 గోల్స్ ఇచ్చుకున్నారు. అందులో 4 కార్నర్ల నుంచే. కోచ్ రెండు వారాలు కార్నర్లు, ఫ్రీకిక్కులే ప్రాక్టీస్ చేయించాడు: ఎవరు ఎవర్ని కాయాలి, పోస్టు దగ్గర ఎవరు నిలబడాలి. తర్వాతి 3 మ్యాచ్‌ల్లో కార్నర్ నుంచి ఒక్క గోలూ పడలేదు.

"అయితే ఏంటి, తను ఒక్కటీ కొట్టలేదుగా, మాన్పించెయ్" అన్నారు ఈయన.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో, మన హైదరాబాదీ రహీం గారి శిక్షణలో ఇండియా దక్షిణ కొరియాపై గెలిచింది 2-1తో. వాళ్లు ఇంకొక్కటి కొట్టుంటే?

శనివారం మ్యాచ్‌కి ఈయన్ని తీసుకెళ్తున్నా. పుస్తకం, పెన్నూ ఆయన చేతికే.