బొమ్మల పుస్తకము – తెలుగు వాక్యము

చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకము చూపుచు చదివి వినిపించుట గృహకృత్యమే గాని భాషాపండితులకు పట్టవలసిన విషయము కాదని మనలో పెక్కురి తలంపు. ఈ తలంపు సరికాదని నా మనవి. 1658లో కొమీనియస్ న్యూరెంబర్గునందు లాటిను, జర్మను భాషలలో సచిత్ర పాఠ్యగ్రంథమును వెలువరించిన నాటినుండియు, బొమ్మను పేరును ఒకచోట చేర్చుట భాషాబోధనకు గట్టి సాధనముగానే యున్నది.

ఉదాహరణమునకు అమెరికా చిత్రకారుడు ఎరిక్ కార్ల్ (1929–2021) 1969లో ప్రకటించిన ‘ది వెరీ హంగ్రీ కేటర్‌పిల్లర్’ను తీసికొందము. గ్రుడ్డునుండి వెలువడిన గొంగళిపురుగు సోమవారము ఒక పండు, మంగళవారము రెండు, ఇట్లు శుక్రవారమునకు అయిదు పండ్లు తినును. అది తిన్నచోట కాగితమునకు నిజముగనే రంధ్రముండును. సంఖ్యతోపాటు పుట వెడల్పును పెరుగును. శనివారము పది రకముల తిండి తిని కడుపునొప్పి తెచ్చుకొనును. ఆదివారము పచ్చని ఆకుతో కుదుటపడును. తుదకు సీతాకోకచిలుక యగును. శిశువు రంధ్రములో వ్రేలు దూర్చుచుండ, పెద్దలు వారముల పేర్లును అంకెలును పలుకుదురు.

దీనిని తెలుగున చెప్పబూనినచో మన భాషాస్వభావము వెంటనే బయటపడును. ఆంగ్లమూలమున పురుగునకు పుంలింగ సర్వనామము వాడబడినది. హిందీలో ‘ఇల్లీ’ యని స్త్రీలింగమో, ‘కీడా’ యని పుంలింగమో ఎన్నుకొనక తప్పదు. తమిళమున ‘అదు’ వేరు, ‘అవళ్’ వేరు, క్రియయు వేరే. తెలుగున ‘తిన్నది’ యను క్రియ పురుగునకును బాలికకును సమానమే. వినుచున్న బాలిక ఆ ఆకలిని తనదిగా నెంచుటకు మన క్రియాపదము అడ్డురాదు.

ఆంగ్లమున ఆకలిగొన్న ప్రాణి కర్త. తెలుగున ఆకలియే కర్త. ‘దానికి ఆకలి వేసినది’ యనుట మన నుడికారము. ‘అది ఆకలిగా నుండెను’ అను వాక్యము అచ్చులో నిలుచునేమో గాని పిల్లల నోట నిలువదు. పుటపుటకు పల్లవివలె మరలివచ్చు భావమును పిల్లలు తామే అందుకొనగలిగియుండవలెను.

పియర్, ప్లమ్ పండ్లకు బదులు జామ, నేరేడు అనవచ్చునని కొందరందురు. నేను అంగీకరింపను. బొమ్మ ఒకటియు మాట మరియొకటియు అయినచో శిశువునకు మాటపై నమ్మకము సడలును. అన్యదేశ్యమునే వాడుట మేలు. ఒక్కయెడ తెలుగు మూలముకంటె సుఖముగా నడచును. పట్టుకాయకు తగిన పేరును సీతాకోకచిలుక కోశమునకు వాడినాడని కార్ల్‌ను విమర్శించినవారు కలరు. మన ‘గూడు’ రెంటికిని చెల్లును.

నేషనల్ బుక్ ట్రస్టు, చెన్నయిలోని తూలికా వంటి సంస్థలు ఒకే బొమ్మలకు పలు భారతీయభాషలలో పాఠములు వెలువరించుచున్నవి. తులనాత్మక వ్యాకరణమునకు ఇంతకంటె అందుబాటులో నున్న సామగ్రి అరుదు. అచ్చులోని ‘తినెను’ను తల్లి ఎట్లు తన యింటి పలుకుగా మార్చునో తెలంగాణ, రాయలసీమ, కోస్తా జిల్లాలలోను, తమిళనాడు, కర్ణాటకములలోని తెలుగిండ్లలోను ధ్వనిముద్రణ చేయించుట తెలుగు శాఖలకు తగిన పని. అనువాదకులును అచ్చునకు ముందు తమ వాక్యమును ఒక శిశువునకు వినిపించి సరిచూచుకొనవలెను.

అన్యభాషలో చదువుకొను తెలుగు పిల్లలకు తల్లి యొడియే తెలుగుబడి. అచట వినిన వాక్యము కృతకమైనచో, తెలుగు పుస్తకమన్నంతనే వారు మొగము త్రిప్పుకొందురు. పిదప మనము సంస్కరించి ప్రకటించు కావ్యములకు పాఠకులెక్కడివారు?