అంకె పెరిగితే ఆశ వదులుకోవాలా?

ప్రశ్న: మావారి వయస్సు 52. ఇక్కడే ఫ్యాక్టరీలో పని. నాలుగు నెలల క్రితం పెద్దపేగు కాన్సరుకు ఆపరేషను జరిగింది. కీమోథెరపీ సగం అయింది. మొన్న సంగారెడ్డిలో రక్తపరీక్ష చేయిస్తే సి.ఆర్.పి. 38 అని వచ్చింది. అది పెరిగినవాళ్లు ఎక్కువకాలం బతకరని తోటి పనివారెవరో అన్నారట. "ఇక మందులెందుకు, డబ్బు దండగ" అంటూ ఆసుపత్రికి రానంటున్నారు. పరీక్షకు ముందు వారం రోజులు పన్నునొప్పితో చిగుళ్లు వాచి ఉన్నాయి. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, పటాన్‌చెరు

జవాబు: అమ్మా, ఆ అంకె ఆయుర్దాయాన్ని కొలిచేది కాదు. ముందు ఈ మాట మీవారికి చెప్పండి.

శరీరంలో ఎక్కడ వాపు పుట్టినా కాలేయం సి-రియాక్టివ్ ప్రొటీన్ అనే పదార్థాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అదే సి.ఆర్.పి. 1930లో అమెరికాలో దీనిని మొదట గుర్తించింది న్యుమోనియా రోగుల రక్తంలో. కాన్సరు రోగులలో కాదు. పంటి చీము, ఊపిరితిత్తుల జబ్బు, మూత్రంలో ఇన్‌ఫెక్షను, కీళ్లవాతం, వీటిలో దేనివల్లనైనా ఇది పెరుగుతుంది. పొగ కనిపించగానే ఇల్లు అంటుకుందనుకోము కదా. పొయ్యి రాజుకుని ఉండవచ్చు. మీవారి విషయంలో ముందుగా అనుమానించవలసింది ఆ పంటినే.

అయితే మీవారు విన్నది పూర్తిగా అబద్ధమూ కాదు. స్కాట్లండులోని గ్లాస్గో వైద్యులు ఒక లెక్క కట్టారు. సి.ఆర్.పి. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటి, ఆల్బుమిన్ డెసిలీటరుకు 3.5 గ్రాములకు తగ్గితే 2 మార్కులు; సి.ఆర్.పి. ఒక్కటే పెరిగితే 1. మార్కు పెరిగినకొద్దీ పేగు కాన్సరు రోగుల దీర్ఘకాల ఫలితాలు సగటున తగ్గుతున్నట్లు తేలింది. కాని ఆ లెక్కలు చాలావరకు ఆపరేషనుకు ముందు తీసిన రక్తం మీద కట్టినవి. పైగా సగటు అనేది వందలమందికి చెప్పేది. ఒక్క మనిషికి జాతకం చెప్పదు. కణితి పేగుగోడలో ఎంత లోతుకు దిగింది, లింఫు గ్రంథులకు పాకిందా, పూర్తిగా తొలగించగలిగారా, తర్వాతి చికిత్స సరిగా సాగిందా, వీటికే ఎక్కువ విలువ.

జబ్బు తిరగబెట్టిందేమో కనిపెట్టడానికి వాడే రక్తపరీక్ష వేరే ఉంది. దాని పేరు సి.ఇ.ఎ. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకొకసారి చేయిస్తారు. దానికి తోడు సి.టి. స్కాను, సుమారు ఏడాదికి కొలనోస్కోపీ ఉంటాయి.

ఇప్పుడు మీరు చేయవలసినవి:

1. కాన్సరు డాక్టరుకు రిపోర్టు చూపి, పంటి సంగతి చెప్పండి. కీమో రోజుల్లో తెల్లకణాలు తగ్గుతాయి. కనుక ఆయనను అడగకుండా పన్ను తీయించవద్దు.

2. వాపు తగ్గాక, డాక్టరు చెప్పినప్పుడు, అదే లాబరేటరీలో మళ్లీ పరీక్ష చేయించండి. కొలమానం కూడా చూడండి. లీటరు లెక్కలో 38 అన్నది డెసిలీటరు లెక్కలో 3.8 అవుతుంది. రెండూ ఒకటే.

3. కీమో జరుగుతుండగా జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

4. మీవారికి ఇ.ఎస్.ఐ. కార్డు ఉందా? దీర్ఘవ్యాధులకిచ్చే అదనపు భత్యం జాబితాలో కాన్సరు ఉంది. అర్హత ఉందేమో డిస్పెన్సరీలో, బ్రాంచి ఆఫీసులో అడగండి. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి ఉంది. డబ్బు లేదని చికిత్స మానవద్దు.

5. కీమో పూర్తయ్యాక డాక్టరు అనుమతితో రోజూ చురుకుగా నడిపించండి. 889 మంది పెద్దపేగు కాన్సరు రోగులపై చేసిన పరిశోధన ఫలితం 2025లో వెలువడింది. శిక్షకుల సాయంతో మూడేళ్లు వ్యాయామం చేసినవారిలో, అయిదేళ్లకు నూటికి 80 మంది జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. సలహా పుస్తకం మాత్రమే అందుకున్నవారిలో ఆ సంఖ్య 74.

ఆ 38ని చూసి భయపడి డాక్టరును అడగకుండా కీమోను సగంలో ఆపేస్తే, అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. ఈ వారమే ఆయనను వెంటబెట్టుకుని వెళ్లండి.