చక్రం మెరిస్తే చాలదు, ఇరుసుకు కుదరాలి

(జమ్మలమడుగు గ్రామీణ విలేఖరి)

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల పల్లెల్లో కొన్నేళ్లుగా కార్లు బాగా పెరిగాయి. వాటిలో ఒకరు వాడి అమ్మినవే ఎక్కువగా కనిపిస్తాయి. బండి చేతికొచ్చిన నెల తిరగకముందే చాలామంది పెట్టే మొదటి ఖర్చు చక్రాల మీదనే. కంపెనీ ఇచ్చిన ఇనుప రిమ్ములు ఊడదీసి, మెరిసే అల్లాయ్ చక్రాలు వేయించి, వాటికి వెడల్పాటి టైర్లు తొడిగి గండికోట దాకా ఒక తిరుగు తిరిగి వస్తే గానీ కుర్రకారుకు తృప్తి ఉండదు. సొంత డబ్బుతో సొంత బండికి సోకు చేసుకొంటే ఎవరూ ఆక్షేపించనక్కరలేదు. అయితే కొలత చూడకుండా, బిల్లు అడగకుండా, చట్టం ఏమంటున్నదో తెలుసుకోకుండా ఈ పని జరుగుతున్న తీరు మాత్రం ఆందోళనకరం. ఆ కారులో ముసలి తల్లిదండ్రులు, బడి పిల్లలు కూడా కూర్చుంటారు.

మన పెద్దలకు ఈ సంగతి కొత్తది కాదు. ఎద్దుల బండికి చక్రం చేసేటప్పుడు వడ్రంగి మొదట ఇరుసు కొలత తీసుకొనేవాడు. చక్రం నడిమి రంధ్రం వదులైతే బండి ఊగుతుంది, బిగుతైతే తిరగదు, చీల సరిగా పడకపోతే నడిదారిలో చక్రం ఊడిపోతుంది. ఎంత అందమైనదైనా వేరే బండి చక్రం తెచ్చి తగిలించమంటే వడ్రంగి ఒప్పుకొనేవాడు కాదు. కారు విషయంలో మాత్రం నాలుగు బోల్టులు ఎక్కితే చాలు, చక్రం సరిపోయిందనుకొంటున్నాము.

బోల్టులు ఎక్కినంత మాత్రాన సరిపోయినట్లు కాదు. బోల్టులు కూర్చునే వలయానికి ఒక కొలత ఉన్నది. మారుతి స్విఫ్ట్, ఆల్టో వంటి కార్లకు అది 100 మిల్లీమీటర్లు. పాత ఫియట్ పాలియోకు 98. రెంటికీ నాలుగేసి బోల్టులే. తేడా రెండు మిల్లీమీటర్లే కాబట్టి బలవంతంగా బిగిస్తే నట్లు ఎక్కినట్లే కనిపిస్తాయి. కానీ బోల్టులు వంకర పడి, నట్టు తన గూటిలో పూర్తిగా కూర్చోదు. కొన్నాళ్ల కుదుపులకు నట్లు వదులవుతాయి, లేదా బోల్టు తెగుతుంది. చక్రం నడిమి రంధ్రం కూడా హబ్బుకు సరిగ్గా పట్టాలి. రంధ్రం పెద్దదైతే మధ్యలో తగిన రింగు వేయాలి, లేకపోతే వేగంలో స్టీరింగు వణుకుతుంది. నట్ల మాటా అంతే. కొన్ని చక్రాలకు కోసుగా ఉండే నట్లు, మరికొన్నింటికి గుండ్రటి మొనవి కావాలి. పాత నట్లు మిగిలాయి గదా అని వాటినే తిప్పేయడం మంచిది కాదు.

చక్రం ఎంత బయటికి పొడుచుకొని రావాలన్నదానికీ లెక్క ఉంది. దీనిని మెకానిక్కులు ఆఫ్‌సెట్ అంటారు. నీళ్ల బిందెను చంకన పెట్టుకొని నడవవచ్చు, అదే బిందెను చేయి చాచి పట్టుకొని నడిస్తే భుజం నిలవదు. చక్రం బయటికి జరిగేకొద్దీ హబ్బు బేరింగుకూ అదే గతి. ఇది చాలక చక్రానికీ హబ్బుకూ మధ్య స్పేసర్లనే బిళ్లలు పెట్టించుకొనేవారు కూడా ఉన్నారు. ఊరికి పనికిమాలిన ఖర్చు ఏదైనా ఉన్నదంటే ఈ బిళ్లలే.

ఇక టైరు. దాని పక్కన రాసి ఉండే అంకెలు చదవడం ప్రతి యజమాని నేర్చుకోవాలి. స్విఫ్ట్ కారులో తక్కువ ధర రకానికి కంపెనీ 165/80 ఆర్ 14 టైరు ఇచ్చింది, ఎక్కువ ధర రకానికి 185/65 ఆర్ 15 ఇచ్చింది. లెక్కగడితే మొదటిదాని ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు, రెండవది 621న్నర. అంటే చక్రం పెద్దదయినా టైరు మొత్తం ఎత్తు మారలేదు. ఇదే రిమ్ముకు 205/65 వేస్తే ఎత్తు 647 దాటుతుంది. అప్పుడు మీటరు 60 చూపినప్పుడు బండి దాదాపు 63 వేగంలో పోతూ ఉంటుంది. మలుపు తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాచుకోవచ్చు. కొలత పక్కన ఉండే 88, 91 వంటి అంకెలు మోసే బరువును తెలుపుతాయి. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు, 91 అంటే 615 కిలోలు. కంపెనీ చెప్పినదానికంటే తక్కువ అంకె ఉన్న టైరును ఎంత చౌకగా ఇచ్చినా కొనరాదు. మన ఎండల్లో బరువు మించి, గాలి తగ్గి పరుగెత్తే టైరు పగలడానికి ఎంతోసేపు పట్టదు.

చట్టం సంగతి చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన దానికి, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేట్లు వాహనాన్ని మార్చరాదు. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ మాటను మరింత స్పష్టం చేసింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ చట్టం ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. తమ కారు రకాలలో కంపెనీయే ఇచ్చిన కొలతలలోపు చక్రం మార్చుకొన్నవారికి చిక్కు తక్కువ. మడ్‌గార్డు దాటి బయటికి వచ్చినవారికే భయం. అరిగిన టైరు ఏ చక్రానికి ఉన్నా తప్పే. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నిబంధన ఉన్నది.

జరిమానా కంటే పెద్ద దెబ్బ బీమా వద్ద తగులుతుంది. చక్రాలు మార్చిన సంగతి తెలుపకుండా ప్రమాదం జరిగితే, సొంత బండి నష్టానికి కంపెనీ పేచీ పెట్టవచ్చు. అల్లాయ్ చక్రాలు వేయించిన రోజే బిల్లు జతచేసి బీమా కంపెనీకి ఒక ఉత్తరం రాసి, రసీదు తీసుకొంటే సరిపోయేదానికి ఎవరూ పూనుకోవడం లేదు. అసలు బిల్లు ఉంటే గదా!

కార్లవారిని మాత్రమే అనడం న్యాయం కాదు. నాపరాళ్లు మోసే వాహనాలకు బరువు తట్టుకొంటుందని పెద్ద టైర్లు వేయించేవారున్నారు. సరుకు వాహనాల టైర్ల సంఖ్య, కొలత రిజిస్ట్రేషన్ వివరాలలో రాసే ఉంటాయి. టైరు మార్చినంత మాత్రాన బ్రేకులకు, ఇరుసుకు కొత్త బలం రాదు. కె.సి. కాలువ కింద మడి అడుసు చేసే ట్రాక్టర్లు ఇనుప చక్రాలతోనే తారురోడ్డెక్కితే, ఊరంతా పోరాడి వేయించుకొన్న రోడ్డు ఒక్క పంటకే గీతలు పడి లేచిపోతుంది. చేను గట్టున చక్రాలు మార్చుకోవడానికి పట్టేది కాస్త సమయమే. ఈ విషయంలో పంచాయతీలు మొహమాటం మానుకోవాలి.

కొత్త చక్రం కొనే స్తోమత లేనివారికి ఒక మాట. అదే రకం కారు నుంచి తీసిన కంపెనీ ఇనుప రిమ్ము, పగులూ వంకరా లేనిదైతే, తళుకుల నకిలీ అల్లాయ్ కంటే నూరు రెట్లు మేలు. కొత్తది కొనేవారు చక్రం మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, అది మోయగల బరువు చూసి తీసుకోవాలి. నట్లను ఎదురెదురుగా వరుస మార్చి బిగించాలి. కాలితో రెంచి తొక్కించకుండా, కారు పుస్తకంలో చెప్పినంత బలంతోనే టార్క్ రెంచితో బిగించమని అడగాలి. కడప దాకా ఒకసారి పోయి వచ్చిన తర్వాత మళ్లీ సరిచూపించుకోవాలి. ఈ రెండోసారి చూపించుకొనే పనిని పదిమందిలో తొమ్మిదిమంది మరచిపోతారు.

అధికారులు కూడా దారికాచి జరిమానా రాయడంతో సరిపెట్టుకోరాదు. ఏ కారుకు ఏ కొలతలు చెల్లుతాయో తెలుగులో రాసిన బోర్డు ఒకటి రవాణా కార్యాలయం గోడకు, ఒకటి టైర్ల దుకాణాల ముందు పెట్టిస్తే పెద్దగా ఖర్చు కాదు. చక్రం కొలత, టైరు కొలత రాయని బిల్లు చెల్లదని దుకాణదారులకు గట్టిగా చెప్పాలి. పెండ్లిళ్ల కాలం మొదలయ్యేలోపే ఈ పని జరిగితే బాగుంటుంది. ఆ నెలల్లోనే బండ్లకు ఎక్కువ సోకులు చేయిస్తారు, ఎక్కువమందిని ఎక్కిస్తారు.