మార్చి 29న మన గుర్తింపులో ఎవరున్నారు, ఎవరు లేరు?



మార్చి 29న ఏ తెలుగు పత్రికైనా తీసి ‘చరిత్రలో ఈ రోజు’ అనే చిన్న పెట్టె చూడండి. 1857లో బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తెల్లదొరల మీద తుపాకీ ఎత్తిన రోజని ఉంటుంది. 1982లో హైదరాబాదులో ఎన్.టి. రామారావు గారు తెలుగుదేశం పార్టీని ప్రకటించిన రోజని తప్పకుండా ఉంటుంది. 1943లో అదే రోజున బరంపురం జైల్లో ఉరికంబం ఎక్కిన లక్ష్మణ నాయక్ పేరు మాత్రం ఎక్కడో తప్ప కనపడదు.

పార్టీ జెండా ఎగరేసుకునే సభ్యులు మన యూనియన్‌లోనూ ఉన్నారు. అది వారి ఇష్టం, మేము తప్పు పట్టం. అదే పూట ఇంకొకరిని తలచుకోవడానికి అడ్డేమిటన్నదే మా ప్రశ్న.

“ఒడిశావాళ్ల చరిత్ర మనకెందుకు?” అని మొన్న కమిటీలోనే ఒక మాట వచ్చింది. దానికి జవాబు చెప్పి తీరాలి. లక్ష్మణ నాయక్ 1899లో కోరాపుట్ ప్రాంతంలోని తెంతులిగుమ్మలో పుట్టిన భూమియా గిరిజనుడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ కొండలు మద్రాసు రాజధానిలోవి. జయపురం జమీందారీ కింద, విశాఖ ఏజెన్సీలో ఉండేవి. అంటే ఆయన బతికిన నలభై మూడేళ్లలో ముప్పై ఆరేళ్లు మనతోపాటు ఒకే రాజధాని మనిషి. గీత గీసింది సర్కారు. కొండలు కదల్లేదు. అల్లూరిని మన మన్యం వీరుడని చెప్పుకునేవాళ్లం, అదే కొండల వరుసలో ఇరవై ఏళ్ల తర్వాత లేచిన మనిషిని పరాయివాడనడం ఏం న్యాయం?

ఆయన తండ్రి ముఠాదారు. తండ్రి పోయాక ఆయనా ముఠాదారు అయ్యాడు. శిస్తు వసూలు చేసి జమీందారుకు కట్టే పని అది. కావాలంటే ఆ కుర్చీలో హాయిగా కాలం గడిపేవాడు. అది కాదనుకొని కాంగ్రెసులో చేరి, రాట్నం పట్టుకొని కొండ పల్లెలు తిరిగాడు. నూలు వడికి పొట్టపోసుకునే మనం ఈ ఒక్క సంగతి కోసమైనా ఆయన్ని గుర్తుపెట్టుకోవాలి.

క్విట్ ఇండియా రోజుల్లో, 1942 ఆగస్టు 21న, ఆయన జనంతో మథిలి పోలీసు స్టేషనుకు ఊరేగింపుగా వెళ్లాడు. పోలీసులు కాల్పులు జరిపారు, గిరిజనులు నేలకొరిగారు. ఆ గొడవలో రామయ్య అనే ఫారెస్టు గార్డు కూడా చనిపోయాడు. ఆ హత్యను లక్ష్మణ నాయక్ మెడకు చుట్టి ఉరిశిక్ష వేశారు.

రామయ్య పేరు మీద ఒక్క క్షణం ఆగండి. పేరును బట్టి మనవాడే అనుకోవాలి. అడవిలోకి గిరిజనుణ్ణి రానీయొద్దని జీతమిచ్చి నిలబెట్టిన చిన్న ఉద్యోగి. అతని ఇంట్లోనూ ఏడ్చి ఉంటారు. ఒక పేదవాణ్ణి ఇంకొక పేదవాడికి ఎదురు నిలిపి, ఇద్దరూ పోయాక ఫైలు మూసేసింది దొరల సర్కారు. ఈనాడు మన షెడ్డులో జరుగుతున్నది దీనికి ఎంత దూరం? రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి పార్వతీపురం మీదుగా రైలెక్కి వచ్చిన పిల్లలు డాఫింగులో కాంట్రాక్టు మీద తక్కువ కూలికి నిలబడుతున్నారు. పర్మనెంటు కార్మికుడు “వీళ్లొచ్చి మా పొట్ట కొట్టారు” అంటాడు. ఆ రేటు పెట్టింది ఆ పిల్లలా? మనలో మనం తిట్టుకుంటుంటే నవ్వుకునేదెవరో గేటు దాటిన ప్రతివాడికీ తెలుసు.

మంగళ్ పాండే కథలోనూ జనం మరిచిన మనిషి ఒకడున్నాడు. పాండేను పట్టుకొమ్మని దొరలు హుకుం ఇస్తే జమేదారు ఈశ్వరీ ప్రసాద్ కదల్లేదు. సాటివాడి మీద చెయ్యి వెయ్యలేదు. పాండేను ఏప్రిల్ 8న ఉరి తీశారు. అదే నెల 21న ఈశ్వరీ ప్రసాద్‌నూ ఉరి తీశారు. సమ్మె రోజున గేటు బయట నిలబడినవాడికి ఈ జమేదారు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

మార్చి 29 ఒక్కటే అయితే ఇంత రాసేవాళ్లం కాదు. డిసెంబరు 16 చూడండి. 1971లో ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన రోజు. తొంభై వేలకు పైగా బందీలు. దేశమంతా విజయ దినంగా జరుపుకుంటుంది, జరుపుకోవలసిందే. 2000లో అదే డిసెంబరు 16న రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలోని మైకంచ్ గ్రామంలో పోలీసు కాల్పులకు ముగ్గురు గిరిజనులు బలయ్యారు. బాక్సైటు తవ్వకం, అల్యూమినా ఫ్యాక్టరీ తమ భూముల్లోకి వద్దన్నదే వాళ్లు చేసిన నేరం. ఇప్పుడు బాఫ్లిమాలి కొండ బాక్సైటుతో ఆ ఫ్యాక్టరీ నడుస్తోంది. భూమి పోయినవాడి కొడుకు ఏ రైలెక్కాలి? మన షెడ్డుకొచ్చే రైలే ఎక్కుతాడు.

పాలకులు లక్ష్మణ నాయక్‌ను పూర్తిగా మరిచారని మేము అనం. 1989లో తపాలా బిళ్ల వేశారు. కోరాపుట్‌లో 2017లో తెరిచిన మెడికల్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. మంచిదే. పేరు పెట్టడం తేలిక. ఆయన అడిగిన అడవి, భూమి, వెట్టిలేని బతుకు ఏమయ్యాయని అడిగితేనే ఎదుటివాడికి చెవుడు వస్తుంది.

కాబట్టి ఈ మార్చి 29న మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగేవాళ్లు, రెండో షిఫ్టు ఎక్కేవాళ్లు కలిసే వేళ గేటు మీటింగు పెడుతున్నాం. ముందు మాట్లాడేది కాంట్రాక్టు పిల్లలే. ఒడియాలోనో, కువిలోనో, దేశియాలోనో, వాళ్లకు నోరు తిరిగిన భాషలో చెబుతారు. తెలుగులో చెప్పడానికి రాయగడలో పుట్టి పెరిగిన మన బ్లో రూం మిత్రుడు ఒప్పుకున్నాడు. కూలి రేట్ల తేడా మీద యాజమాన్యానికి ఇవ్వబోయే మహజరును ఆ గేటు దగ్గరే చదివి, పర్మనెంటు, బదిలీ, కాంట్రాక్టు అందరి సంతకాలూ ఒకే కాగితం మీద తీసుకుంటాం. సంతకం రానివాళ్లకు ఇంకుప్యాడ్ ఉంటుంది. మైకు మోయడానికి ఇద్దరు కావాలి, ముందురోజే ఆఫీసులో చెప్పండి.